సందర్శకుల సొమ్ము ఎవరి కొంగున పడుతోంది?

నవంబరు చివరికి అరకు లోయ పసుపుపచ్చగా మారిపోతుంది. రోడ్డుకి రెండు వైపులా వలిసె చేలు విరగబూసి కొండ మొదలు దాకా పరుచుకుంటాయి. విశాఖ నుంచి తెల్లవారకముందే బయలుదేరిన కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. జనం ఫోన్లు పట్టుకుని చేలోకి దిగుతారు. ఒకప్పుడు పైరు తొక్కి, పూలు తుంచి, ఫొటోలు దిగి వెళ్లిపోయేవారు. రైతుకు మిగిలేది నలిగిన చేనే. ఇప్పుడు చాలా చేలకు వెదురు దడి కనిపిస్తుంది. గట్టు మీద కూర్చున్న గిరిజన మహిళ మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని లోపలికి పంపుతుంది. ఆ పక్కనే మరొకామె థింసా నృత్యం ఆడేటప్పుడు కట్టే చీర, పూసల దండలు ఫొటోల కోసం అద్దెకిస్తుంది. గింజ గట్టిపడి గానుగకు చేరడానికి ఇంకా వారాలున్నాయి. ఈలోగా పూతే నాలుగు డబ్బులు తెచ్చిపెడుతోంది.

మొత్తంగా చూస్తే అది చిన్న సొమ్ము. కానీ అరకు వెళ్లినవాళ్లు పెట్టే ఖర్చులో మధ్యవర్తి లేకుండా ఊరి మహిళ చేతికి అందే డబ్బు చాలా తక్కువ. గది అద్దె, కారు కిరాయి, హోటలు బిల్లు, వీటిలో సింహభాగం సాయంత్రానికి ఘాట్ రోడ్డు దిగిపోతుంది. పర్యాటకం పెరిగితే పేదరికం తగ్గుతుందని ప్రభుత్వాలు చెబుతాయి. సందర్శకులు పెరిగినంత మాత్రాన ఊరి పేదరికం తగ్గదని దేశంలో చాలా విహార స్థలాలు రుజువు చేశాయి. తగ్గిన చోట్ల ఏం జరిగిందో చూస్తే, ఊరి మహిళలు పర్యాటకానికి కూలీలుగా కాక అమ్మకందారులుగా మారడం కనిపిస్తుంది.

ప్లేటులో ఉన్నది ఎక్కడిది?

కొండ మీది రిసార్టులో ఒక మధ్యాహ్న భోజనం తీసుకుందాం. బియ్యం మైదానంలోని మిల్లు నుంచి వస్తుంది. కోడి బ్రాయిలర్ ఫారం నుంచి, నూనె ప్యాకెట్, నీళ్ల సీసా పట్నంలోని హోల్‌సేల్ కొట్టు నుంచి వస్తాయి. వంటమనిషి కూడా చాలాసార్లు బయటివాడే. ఊరివాళ్లకు దొరికేది గదులు ఊడ్చే పని, దుప్పట్లు ఉతికే పని, రాత్రి కాపలా. బిల్లు వందల్లో ఉన్నా ఊళ్లో నిలిచేది ఆ రోజు కూలి మాత్రమే.

అదే భోజనంలో చోడి (రాగి) అంబలి, మన్యంలో పండిన రాజ్‌మా కూర, పెరటి నాటుకోడి, అడ్డాకు విస్తరి, చివర లోయలోనే పండిన కాఫీ ఉంటే లెక్క మారిపోతుంది. చోడి పండించినామె, కోడి పెంచినామె, ఆకులు కుట్టినామె, కాఫీ పళ్లు కోసినామె, ఇలా ఒక్క భోజనం మీద నాలుగైదు ఇళ్లకు వాటా వస్తుంది.

బొంగు చికెన్‌ని దగ్గరగా చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. లేత పచ్చి వెదురును కణుపు దగ్గర నరికి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు లోపల కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె పడదు. వెదురులోని తేమకే మాంసం ఉడుకుతుంది. అరకులోను, మారేడుమిల్లిలోను దీని కోసమే ఆగే ప్రయాణికులు ఉన్నారు. ఇందులో కొనాల్సిన ముడిసరుకు కోడి, మసాలా మాత్రమే. మిగతాదంతా అడవి, చేతి నేర్పు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును కూడా చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి దాని మీద అడవిబిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. వెదురు తెచ్చేవారు, వండేవారు, అమ్మేవారు ఒకే సంఘం వాళ్లయితే లాభం అక్కడే ఉంటుంది. బండి వేరొకరిదై, ఊరి మనిషి కాల్చే కూలీ మాత్రమే అయితే ఆ వంటకానికి వచ్చిన పేరు వల్ల ఊరికి ఒరిగేది తక్కువ.

కుమరకంలో గొడవతో మొదలు

ఈ లెక్కను పద్ధతి ప్రకారం మార్చి చూపిన ఊరు కేరళలోని కుమరకం. కొట్టాయం పట్టణానికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో, వేంబనాడు సరస్సు తూర్పు ఒడ్డున ఉంది. వరి పొలాలు, కొబ్బరి తోపులు, ఇళ్ల వెనక నుంచే పారే కాలువలు, పక్షుల అభయారణ్యం. 2000 సంవత్సరం చివర్లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి అక్కడ విశ్రాంతి తీసుకుంటూ రాసిన వ్యాసాలతో ఊరి పేరు దేశమంతా మోగింది. ఒడ్డు వెంట పెద్ద పెద్ద రిసార్టులు వెలిశాయి.

ఊరివాళ్లు మాత్రం సంతోషంగా లేరు. సరస్సుకు వెళ్లే దారులు మూసుకుపోతున్నాయని, ఉద్యోగాలు బయటివారికే ఇస్తున్నారని, పొలాలు బీడుపడుతున్నాయని మండిపడ్డారు. హోటళ్లకూ పంచాయతీకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. 2007లో కేరళ ప్రభుత్వం ‘బాధ్యతాయుత పర్యాటకం’ పేరుతో కోవళం, తేక్కడి, వయనాడ్, కుమరకం అనే నాలుగు చోట్ల ప్రయోగం మొదలుపెట్టింది. నాలుగు చోట్లా ఒకే ఫలితం రాలేదు. కుమరకం ముందుకు దూసుకుపోయింది. పంచాయతీ ఈ పనిని తన పనిగా తలకెత్తుకోవడం అందుకు పెద్ద కారణం.

చర్చల్లో హోటళ్ల వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది. ఊరి కూరగాయలు ఒకరోజు వస్తాయి, మరో రోజు రావు, నాణ్యత ఒకలా ఉండదు, ధర ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఆ ప్రయోగానికి ప్రాణం అయింది. ధరలు ఖరారు చేయడానికి ఒక కమిటీ, సరుకు నాణ్యత చూడడానికి మరో కమిటీ పెట్టారు. ఏ కాయగూర ఎప్పుడు ఎక్కడ వేయాలో పంటల క్యాలెండర్ రాసుకున్నారు. అందరూ ఒకేసారి బెండ వేసి ధర పడగొట్టుకోకుండా, హోటలుకు ఏడాది పొడవునా సరుకు అందేలా చూశారు. ఐదుగురేసి మహిళలు కుటుంబశ్రీ బృందాలుగా ఏర్పడి పెరట్లోనూ కౌలు పొలాల్లోనూ కూరగాయలు వేశారు. వాటిని సేకరించి హోటళ్లకు చేర్చే పని కూడా మహిళల బృందమే చేపట్టింది. ఏళ్లుగా దున్నని పొలాల్లో మళ్లీ వరి నాట్లు పడ్డాయి. 2008లో సరుకు హోటళ్లకు వెళ్లడం మొదలైంది.

ఇక్కడ మెచ్చుకోవలసింది హోటళ్ల దాతృత్వాన్ని కాదు. ‘పేద మహిళలు కదా, కాస్త కొనండి’ అని ఎవరూ అడగలేదు. సరుకు, తూకం, ధర, చెల్లింపు, అన్నీ వ్యాపార ఒప్పందాలే. ఆ ఒప్పందం కుదరడానికి బల్లకు ఒక వైపు హోటలు మేనేజరు కూర్చుంటే రెండో వైపు పంచాయతీ అండతో ఊరి మహిళలు కూర్చున్నారు. అలా కూర్చోగలగడానికి వెనక ఎన్నో ఏళ్ల సంఘం బలం ఉంది.

> కుటుంబశ్రీ
> 1998 మే 17న మలప్పురంలో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. కేరళ ప్రభుత్వ పేదరిక నిర్మూలన కార్యక్రమం ఇది. వాడలో అయల్‌కూట్టం అనే ఇరుగుపొరుగు బృందం, వార్డు స్థాయిలో వాటి సమాఖ్య, పైన పంచాయతీ లేదా పట్టణ స్థాయి సంఘం, ఇలా మూడు అంచెలు. సభ్యుల సంఖ్య 40 లక్షలు దాటింది. స్థానిక సంస్థలతో కలిసి పనిచేయడం దీని ప్రత్యేకత.

కూరగాయలతో మొదలైన పని ఊరి బతుకునే చూపించే యాత్రలకు దారితీసింది. చిన్న పడవలో కాలువల వెంట వెళ్లే అతిథులు ఒక ఇంటి దగ్గర కొబ్బరి పీచుతో తాడు పేనడం చూస్తారు. మరో ఇంట్లో కొబ్బరాకు అల్లడం నేర్చుకుంటారు. ఇంకో చోట మొగలి ఆకుల చాప అల్లిక, వల విసరడం, కల్లు గీత చూస్తారు. ఆగిన ప్రతి ఇంటికీ యాత్ర రుసుములో వాటా ఉంటుంది. తాడు పేనే మహిళకు తాడు అమ్మితే వచ్చే ధర కంటే పేనడం చూపించినందుకు వచ్చే డబ్బు మెరుగ్గా ఉండే రోజులు ఉంటాయి. చచ్చిపోతున్న చేతిపనికి అది ఊపిరి.

ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2013 సంవత్సరానికి ప్రభుత్వ విధానాల్లో కొత్తదనానికి ఇచ్చే యులిసిస్ పురస్కారం కుమరకం ప్రాజెక్టుకే దక్కింది. 2017 అక్టోబరులో కేరళ ప్రభుత్వం రాష్ట్రమంతటికీ బాధ్యతాయుత పర్యాటక మిషన్ ఏర్పాటు చేసింది. అయితే కుమరకంలో అన్నీ చక్కబడ్డాయని కాదు. వేంబనాడు మీద హౌస్‌బోట్ల మురుగు, చెత్త ఇప్పటికీ పెద్ద సమస్యే. సరస్సు పాడైతే చేప పట్టేవాడూ, పడవ నడిపేవాడూ, గది అద్దెకిచ్చేవాడూ కలిసే నష్టపోతారు.

రోజుకో రూపాయి దాచిన నేల

సంఘం బలం తెలుగు నేలకు కొత్త కాదు. ఆ మాటకొస్తే ఈ విషయంలో దేశానికి దారి చూపినవాళ్లలో తెలుగు మహిళలు ముందుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా లేచిన మహిళలు దుకాణాలు మూయించారు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ ఉద్యమం వచ్చింది. అంతకు ముందు నుంచే ఉన్న డ్వాక్రా మహిళా సంఘాల పథకానికి ఆ ఉద్యమం జీవం పోసింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, ‘వెలుగు’ కార్యక్రమం ఆ సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కట్టాయి.

పొదుపు వచ్చింది, బ్యాంకు అప్పు వచ్చింది. కానీ తెచ్చిన అప్పుతో ఏం చేయాలి, చేసింది ఎవరికి అమ్మాలి అన్న దగ్గర బండి ఆగింది. ఒకే ఊళ్లో పది సంఘాలు అప్పడాలు, పచ్చళ్లు పెడితే కొనేవాళ్లూ ఆ ఊరివాళ్లే. ఆదాయం లేని అప్పు ఎంత ప్రమాదమో 2010లో మైక్రోఫైనాన్స్ సంక్షోభం చూపించింది. వారం వారం కిస్తీల ఒత్తిడి, వేధింపులు, ఆత్మహత్యల నడుమ ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

పర్యాటకం ఈ ముడిని విప్పగలదు. చిన్న వ్యాపారానికి ఎప్పుడూ కొరతగా ఉండేది కొనుగోలుదారు. పర్యాటకంలో అతను తన ఖర్చుతో తానే గుమ్మంలోకి వస్తాడు. సరుకు పట్నం మోసుకెళ్లే ఖర్చు లేదు, దళారీ అవసరం లేదు. అప్పటికే లెక్కల పుస్తకం, బ్యాంకు ఖాతా, నెలనెలా సమావేశం అలవాటైన డ్వాక్రా సంఘానికి ఈ పని కొత్తగా నేర్పవలసింది కొంచెమే.

> పోచంపల్లి
> 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పిలుపుకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం ఇక్కడే పుట్టింది. ఇక్కత్ చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. ఇక్కత్ పనిలో ఆసు పోయడం తరతరాలుగా ఆడవాళ్ల వంతు. ఒక చీరకు నూలు పట్టిన చేతిని మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి పడుతున్న భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ‘లక్ష్మీ ఆసు యంత్రం’ తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పోచంపల్లి వచ్చినవాళ్లు చీర కొనేది ఎక్కువగా షోరూంలో. ఆసు పోసినామె, రంగు అద్దినామె పేరు బిల్లు మీద ఉండదు. మగ్గం ఉన్న ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, నూలు కట్టడం నుంచి నేత దాకా చూపించి, దానికి రుసుము తీసుకునే ఏర్పాటు గట్టిగా నిలబడితే ఆ మహిళల పనికి విడిగా విలువ వస్తుంది. కుమరకంలో తాడు పేనే ఇంటికి వర్తించిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

వంతు ప్రకారం అతిథులు

సముదాయ పర్యాటకానికి లోపలి నుంచే వచ్చే చిక్కు ఒకటుంది. రోడ్డు పక్క ఇల్లున్నవాళ్లకు, కాస్త ఇంగ్లీషో హిందీయో వచ్చినవాళ్లకు అతిథులు దొరుకుతారు. లోపలి వీధిలోని పేద ఇంటికి ఎవరూ రారు. లద్దాఖ్‌లో దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. హెమిస్ జాతీయ పార్కులోని రుంబక్ వంటి గ్రామాల్లో మంచు చిరుతల సంరక్షణ కోసం పనిచేసే సంస్థ ఒకటి ఈ శతాబ్ది మొదటి ఏళ్లలో ‘హిమాలయన్ హోమ్‌స్టేలు’ ప్రారంభించింది. అతిథులు తమకు నచ్చిన ఇంటికి వెళ్లరు. ఊరు నిర్ణయించిన వంతు ప్రకారం ఒక ఇల్లు అయ్యాక మరో ఇంటికి పంపుతారు. ఆదాయంలో కొంత భాగం ఊరి ఉమ్మడి నిధికి వెళుతుంది. ఇల్లు నడిపేది, డబ్బు తీసుకునేది ప్రధానంగా గృహిణులే. పాత సైనిక పారాచూట్లతో వేసిన గుడారాల్లో టీ దుకాణాలు నడిపేది కూడా వాళ్లే. గొర్రెల్ని ఎత్తుకుపోయే చిరుత మీద ఒకప్పుడు పగబట్టిన ఊరికి ఇప్పుడు ఆ చిరుత కోసమే అతిథులు వస్తున్నారు.

మారేడుమిల్లిలోనూ ఇలాంటి బీజం ఉంది. కొండరెడ్లు, కోయలు ఉండే ఆ అడవిలో వన సంరక్షణ సమితుల ద్వారా అటవీశాఖ సముదాయ పర్యాటకాన్ని నడిపిస్తోంది. అయితే శాఖ చేయి పట్టుకుని నడిపించే పనికీ, ఊరు తానే నడిపే పనికీ తేడా ఉంది. అధికారి బదిలీ అయిన మర్నాడు ఆ తేడా బయటపడుతుంది.

భూమి చేజారితే

మన్యంలో ఈ చర్చ అంతా చివరికి భూమి దగ్గరికి చేరుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరులకు బదలాయించడాన్ని నిషేధించే నిబంధనను 1970లో సవరించి బిగించారు. జనం నోట అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసి, అక్కడి ప్రభుత్వ భూములను కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదంది. ఆ కేసు పుట్టింది బొర్రా గుహల చుట్టుపక్కల గ్రామాల్లోని గనుల మీదే.

2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక సదస్సులో ఈ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టాన్ని మార్చాలన్న మాట వచ్చింది. రిసార్టులు కట్టేవాళ్లకు అది అడ్డంకి అన్నది వాదన. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు రెండు రోజుల మన్యం బంద్‌కు పిలుపునిచ్చాయి. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రకటించారు. గిరిజనుల ఆందోళనలో న్యాయం ఉంది. స్థలం తన పేరున ఉన్న కుటుంబమే రెండు గదులు కట్టి అతిథులకు ఇవ్వగలదు. స్థలం పోయిన కుటుంబం అదే చోట గేటు దగ్గర కాపలా కాస్తుంది. గిరిజనుడి పేరున కాగితాలు, వెనక పెట్టుబడి వేరొకరిది అయిన బినామీ గదులదీ ఇదే కథ. చట్టం పేరుకు నిలిచినా, డబ్బు దారి మళ్లిపోతుంది.

ఆడవాళ్ల రోజు ఎంత పొడవు?

హోమ్‌స్టే అంటే ఇంట్లో ఇద్దరో నలుగురో అదనంగా ఉండడం. వాళ్లకి టీ, టిఫిను, వేడినీళ్లు, దుప్పట్లు. పొలం, పశువులు, పిల్లలు ఎటూ ఉన్నవే. పని రెట్టింపై, ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బు భర్త ఫోనులోకి వెళితే ఆ మహిళకు కలిగిన మేలేమిటి? అందుకే గది రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు ఆమె పేరున ఉండడం చిన్న విషయం కాదు. ఉతుకు, వంట సామగ్రి కొనుగోలు, విస్తరాకుల సరఫరా వంటివి సంఘంలో పంచుకుంటే ఒక్కరి మీద భారం తగ్గి, గది లేని పేద ఇంటికీ పని దొరుకుతుంది. ఒంటరి మహిళలకు, గది కట్టే స్తోమత లేనివాళ్లకు పర్యాటకంలో చోటు దొరికేది ఈ సరఫరా పనుల్లోనే.

సీజను సంగతీ ఉంది. మన్యంలో లంబసింగి చలి, వంజంగి మేఘాలు, వలిసె పూలు, అన్నీ నాలుగు నెలల ముచ్చట. 2018 ఆగస్టు వరదలు, 2020లో కరోనా కేరళ హోటళ్లను ఖాళీ చేయించాయి. మొత్తం బతుకును అతిథి మీదే పెట్టుకున్న ఇల్లు అలాంటప్పుడు కుప్పకూలుతుంది. చేను, కాఫీ తోట, పాడి నడుస్తూ పర్యాటకం పైఆదాయంగా ఉన్న ఇల్లు తట్టుకుంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోట చూడడానికి ఎవరూ రాకపోయినా పొడి అమ్ముడుపోతుంది.

అన్నిటికంటే సున్నితమైనది గౌరవం. థింసా పండగకీ పెళ్లికీ చేయీ చేయీ పట్టుకుని ఆడే ఆట. రిసార్టు మంట చుట్టూ, తాగి ఉన్న అతిథుల ముందు, పిలిచినప్పుడల్లా ఆడవలసి రావడం వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు ఆడాలో, ఎక్కడ ఆడకూడదో నిర్ణయం బృందానిదే కావాలి. ఇళ్లలోకి చొరబడి ఫొటోలు తీయడం, కొండల మీద సీసాలు, ప్లాస్టిక్ పారేయడం వంటివాటికి ఊరు నియమాలు పెట్టి జరిమానా వేయగలగాలి.

మన్యం ముందున్న పని

2024 అక్టోబరు 2న కేంద్రం ప్రారంభించిన ‘ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్’లో దేశవ్యాప్తంగా 1,000 గిరిజన హోమ్‌స్టేలు కట్టించే అంశం ఉంది. కొత్త గదులకు రూ.5 లక్షల వరకు, ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి రూ.3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు రూ.5 లక్షలు ఇస్తారు. హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ చెప్పింది. అంటే గదికి డబ్బు దొరికే దారి ఉంది.

గది లోపల జరగాల్సిన వ్యాపారానికి మాత్రం వేరే ఏర్పాటు కావాలి. రిసార్టులు, పర్యాటక శాఖ హోటళ్లు ఏటా కొనే బియ్యం, గుడ్లు, కూరగాయలు, కాఫీ, తేనె, విస్తరాకుల జాబితా మండల మహిళా సమాఖ్య చేతికి రావాలి. అందులో ఏది ఊళ్లో పండుతుందో, ఏ నెలలో ఎంత ఇవ్వగలరో తేలాలి. ధర ఎవరు నిర్ణయిస్తారో, డబ్బు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో రాతపూర్వకంగా ఉండాలి. కుమరకంలో పంచాయతీ చేసిన ఈ పనికి మన్యంలో ఇంకా బలమైన వేదిక ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంత గ్రామసభకు తన వనరుల మీద, అభివృద్ధి పనుల మీద మాట చెప్పే అధికారం ఇచ్చింది. ఏ ఇళ్లకు గదులు మంజూరు కావాలో, అతిథుల వంతు ఎలా ఉండాలో, ఉమ్మడి నిధి రూ.5 లక్షలు మరుగుదొడ్లకు వాడాలో, చెత్త ఎత్తే బండికి వాడాలో ఆ సభలోనే తేల్చుకోవచ్చు. ఆ సభ సాయంత్రం పూట, ఆడవాళ్లు పొలం నుంచి వచ్చాక పెడితే వాళ్లూ వస్తారు.